బెంగళూరు రేస్‌కోర్సులో టోట్: జాక్‌పాట్, ట్రినెల్లా ఆడేవారి కోసం ఒక సమీక్ష

బెంగళూరు రేస్‌కోర్సు రోడ్డులోని మైదానంలో గుర్రం మీద డబ్బు కట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి బుకీల వరుస, రెండోది బెంగళూరు టర్ఫ్ క్లబ్బు నడిపే టోటలైజేటర్, వాడుకలో టోట్. ఫలానా గుర్రం గెలుస్తుందని కట్టేవారికి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. వరుసగా ఐదు పందేల్లో గెలిచే గుర్రాలను ముందుగానే చెప్పే జాక్‌పాట్ గానీ, ఒకే పందెంలో మొదటి మూడు నాలుగు స్థానాలను వరుస తప్పకుండా చెప్పే ట్రినెల్లా, ఎగ్జాక్టాలు గానీ ఆడాలంటే మాత్రం టోట్ కిటికీ దగ్గరికే వెళ్లాలి. నేను సమీక్షిస్తున్నది ఆ కిటికీని, దాని వెనక ఉన్న పూల్‌ను, ఆ పూల్‌లో మన డబ్బు ఎలా నడుస్తుందన్న విషయాన్ని. తీర్పు ముందే చెబుతాను. ఇంటి దగ్గర కూర్చుని కాగితం మీద టికెట్ తయారు చేసుకుని వచ్చేవారికి ఇది నమ్మదగిన, న్యాయమైన సేవ. కిటికీ ముందు నిలబడ్డాక ఆలోచన మొదలుపెట్టేవారికి మాత్రం ఇది చాలా ఖరీదైనది.

టోట్ పద్ధతి 1867లో పారిస్‌లో జోసెఫ్ ఒలేర్ ప్రారంభించింది. దాన్ని యంత్రంగా మార్చినవాడు జార్జ్ జూలియస్. ఆ యంత్రం 1913లో ఆక్లండ్‌లోని ఎల్లర్స్లీ మైదానంలో పనిచేయడం మొదలుపెట్టింది. సూత్రం ఇప్పటికీ అదే. ఒక పందెం మీద అందరూ కట్టిన డబ్బు ఒక పూల్‌లో చేరుతుంది, నిర్వాహకుల వాటా, పన్నులు పోగా మిగిలినదాన్ని గెలిచిన టికెట్లవారు పంచుకుంటారు. అంటే మనం ఆడుతున్నది క్లబ్బుతో కాదు, పక్క వరుసలో నిలబడ్డవారితో. గుర్రం గురించి మన అంచనా సరైనదైతే చాలదు. ఆ అంచనా మిగతావారికి లేకపోవడం కూడా అవసరం. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన క్రీడ అని సుప్రీంకోర్టు 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో చెప్పింది. ఆ నైపుణ్యం గుర్రాన్ని ఎంచుకోవడంలో ఎంత ఉందో, టికెట్ కూర్చడంలోనూ అంతే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

పూల్‌ల పేర్లు కొత్తవారిని తికమక పెడతాయి కనుక క్లుప్తంగా చెప్పుకుందాం. గెలిచే గుర్రాన్ని చెప్పే విన్, మొదటి కొన్ని స్థానాల్లో వచ్చే గుర్రాన్ని చెప్పే ప్లేస్ అందరికీ తెలిసినవే. రెండో స్థానంలో వచ్చే గుర్రాన్ని చెప్పేది సెకండ్ హార్స్ పూల్. మొదటి రెండు గుర్రాలను ఏ వరుసలోనైనా చెబితే క్వినెల్లా, వరుస ప్రకారం చెబితే ఫోర్‌కాస్ట్. మొదటి మూడు స్థానాలను వరుసగా చెప్పేది ట్రినెల్లా. మలక్‌పేట రేసులకు అలవాటుపడినవారు దీన్ని టనాలాకు బెంగళూరు తోబుట్టువుగా అనుకోవచ్చు. మొదటి నాలుగు స్థానాలూ వరుసగా చెబితే ఎగ్జాక్టా. అమెరికా పుస్తకాలు చదివి వచ్చేవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, అక్కడ ఎగ్జాక్టా అంటే మొదటి రెండు గుర్రాలే కనుక ఆ పుస్తకాల లెక్కలు ఇక్కడ పనిచేయవు. వరుసగా మూడు పందేల విజేతలను చెప్పేది ట్రెబుల్, ఐదు పందేలకు చెప్పేది జాక్‌పాట్. జాక్‌పాట్ ఎవరికీ తగలకపోతే ఆ డబ్బు తర్వాతి రేసుల రోజు పూల్‌లోకి వెళ్తుంది.

ఈ సేవలో అందరూ గమనించని ఒక మేలు ఉంది. ప్రతి పందెంలోనూ పూల్ నుంచి కొంత కోత పడుతుంది. లెక్క సులువుగా ఉండటానికి ఆ కోత నాలుగో వంతు అనుకుందాం. వంద రూపాయలు ఒక గుర్రం మీద కట్టి, గెలిచినదంతా తర్వాతి పందెంలో కట్టి, అలా ఐదు పందేలు తిప్పితే, కోత ఐదు సార్లు పడుతుంది. సరైన ప్రతిఫలంలో వందకు డెబ్బై అయిదు, అందులో మళ్లీ డెబ్బై అయిదు శాతం, ఇలా పోయి చివరికి సుమారు ఇరవై నాలుగు మిగులుతుంది. అవే ఐదు గుర్రాలను జాక్‌పాట్ టికెట్‌గా కడితే కోత ఒక్కసారే, డెబ్బై అయిదు మిగులుతుంది. అందుకే ఐదు పందేల మీదా నిజంగా అభిప్రాయం ఉన్నవారికి విడివిడి పందేల కన్నా జాక్‌పాట్ మేలు. గత రోజు మిగిలిపోయిన డబ్బు పూల్‌లో ఉన్న రోజున ఈ మేలు ఇంకా పెరుగుతుంది. నిన్న ఓడినవారి డబ్బు ఈ రోజు గెలిచేవారి కోసం అక్కడ ఉంటుంది కనుక.

ఇక కీడు. దాన్ని దాచి సమీక్ష రాయడం పాఠకులకు ద్రోహం. టోట్ మీద జీఎస్టీ క్లబ్బు వాటాపై మాత్రమే పడాలని కర్ణాటక హైకోర్టు 2021లో చెప్పింది గానీ, తర్వాత చట్టాన్నే సవరించి 2023 అక్టోబరు 1 నుంచి పందెం పూర్తి విలువ మీద 28 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. దీనికి తోడు ఆదాయపు పన్ను ఉంది. రేసుల్లో గెలిచిన డబ్బు మీద 30 శాతం పన్ను, సెస్సు అదనం. ఒక్క లావాదేవీలో గెలుపు పది వేలు దాటితే ఆ పన్నును కిటికీ దగ్గరే కోస్తారు. అక్కడ కోయలేదంటే పన్ను లేదని అర్థం కాదు, రిటర్నులో చూపించవలసిందే. అన్నిటికన్నా గట్టి దెబ్బ వేరే ఉంది: ఓడిన టికెట్ల ఖర్చును గెలుపులోంచి తీసివేసి చూపడానికి చట్టం ఒప్పుకోదు. ఏడాదిలో అరవై వేలు కట్టి, ఒక్క జాక్‌పాట్‌లో డెబ్బై వేలు గెలిచిన మనిషిని ఊహించండి. సెస్సును పక్కన పెట్టినా, పన్ను ఇరవై ఒక్క వేలు పోగా చేతికి వచ్చేది నలభై తొమ్మిది వేలు. పైకి గెలిచినట్టు కనిపించినా అతను పదకొండు వేలు నష్టపోయాడు. అరుదుగా, పెద్ద మొత్తంలో గెలిచే ఈ తరహా పందేలకే ఈ నిబంధన ఎక్కువగా తగులుతుంది. కనుక టికెట్ ఖర్చు ఎంత తక్కువలో ముగిస్తే అంత మంచిదన్నది ఇక్కడ కేవలం పొదుపు సలహా కాదు, ఆట నిర్మాణంలోంచి వచ్చే నియమం.

ఆ నియమాన్ని పాటించడం ఎలా అన్నదే అసలు విషయం. జాక్‌పాట్ ఆడేవారిలో చాలామంది ఒక్కో లెగ్‌లో, అంటే ఐదు పందేల్లో ఒక్కోదానిలో, భయం వేసినప్పుడల్లా ఒక గుర్రాన్ని చేరుస్తారు. కాంబినేషన్లు, అంటే లెగ్‌కో గుర్రం చొప్పున ఏర్పడే కలయికలు, కూడికతో కాక గుణకారంతో పెరుగుతాయి కనుక ఆ ఒక్క గుర్రం ఎంత ఖరీదో వారికి తెలియదు. ఒకే గుర్రాన్ని నమ్ముకున్న లెగ్‌లో (ఆ గుర్రాన్ని బ్యాంకర్ అంటారు) ఒకటికి బదులు రెండు పెడితే టికెట్ మొత్తం రెట్టింపవుతుంది. ఇలా చేరుస్తూ పోతే ప్రతి లెగ్‌లోనూ మూడో నాలుగో గుర్రాలు చేరి, ఏ పందెం మీదా అభిప్రాయం లేని టికెట్ ఒకటి తయారవుతుంది.

నేను సిఫారసు చేసే పద్ధతి ఇది. ప్రతి లెగ్‌లో గుర్రాలను రెండు గుంపులుగా విడదీయాలి. నిజంగా గెలుస్తాయని నమ్మేవి మొదటి గుంపు, గెలిచినా మనకు ఆశ్చర్యం కలగనివి రెండో గుంపు. మొదటి గుంపులో ఐదు లెగ్‌లకు వరుసగా ఒకటి, రెండు, రెండు, ఒకటి, రెండు గుర్రాలున్నాయనుకుందాం. రెండో గుంపులో రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు. అన్నిటినీ కలిపి ఒకే టికెట్‌గా కడితే మూడు, నాలుగు, మూడు, మూడు, నాలుగుల లబ్ధం 432 కాంబినేషన్లు. ఒక్కో కాంబినేషన్‌కు కట్టే యూనిట్ పది రూపాయలనుకుంటే పన్నుతో నిమిత్తం లేకుండానే 4,320 రూపాయలు. ఇప్పుడు దీన్నే ఆరు చిన్న టికెట్లుగా విడగొట్టి చూడండి. ప్రధాన టికెట్‌లో మొదటి గుంపు గుర్రాలు మాత్రమే ఉంటాయి, 8 కాంబినేషన్లు. తర్వాతి ఐదు టికెట్లలో ఒక్కోదానిలో ఒక్క లెగ్‌కు మాత్రమే రెండో గుంపు, మిగతా నాలుగు లెగ్‌లకు మొదటి గుంపు. మొదటి లెగ్ మారిస్తే 16, రెండోది మారిస్తే 8, మూడోది మారిస్తే 4, నాలుగోది మారిస్తే 16, ఐదోది మారిస్తే 8. మొత్తం కలిపి 60 కాంబినేషన్లు, 600 రూపాయలు. నాలుగు లెగ్‌లలో మన నమ్మకం నిలిచి, ఒక్క దాంట్లో మాత్రం రెండో గుంపు గుర్రం గెలిచినా జాక్‌పాట్ మనదే. వదులుకున్నదల్లా రెండు లేక అంతకన్నా ఎక్కువ లెగ్‌లలో ఒకేసారి మన నమ్మకం తప్పే సందర్భాన్ని. అన్ని చోట్లా నమ్మకం తప్పిన రోజున మనకు జాక్‌పాట్ రావాలని కోరుకోవడం సబబు కాదు కూడా. మిగిలిన డబ్బులో కొంత ప్రధాన టికెట్ మీద రెండు మూడు యూనిట్లుగా కడితే, అభిప్రాయం పూర్తిగా సరైన రోజున ప్రతిఫలం కూడా దానికి తగినట్టే ఉంటుంది.

ఈ పద్ధతిని కిటికీ దగ్గర అమలు చేయడం కష్టమేమో అనుకునేవారికి నేను చూసిన ఒక దృశ్యం చెబుతాను. హిందూపురం నుంచి రైల్లో వచ్చిన ఒక పెద్దాయన, పంచె, తెల్ల చొక్కా, చేతిలో నాలుగుగా మడిచిన నోటుబుక్కు కాగితం. దాని మీద ఆరు వరుసలు, ఒక్కో వరుసలో లెగ్‌ల మధ్య అడ్డగీతలు, చివర కాంబినేషన్ల సంఖ్య, దాని పక్కన రూపాయలు. కిటికీలోని ఉద్యోగితో ఆయన తెలుగులోనే, ఒక్కో అంకె ఆగి ఆగి చెప్పారు. యంత్రం మొత్తం చూపగానే తన కాగితం మీది అంకెతో సరిపోల్చుకుని తలూపి, ఆ తర్వాతే తర్వాతి వరుస మొదలుపెట్టారు. “ఇన్ని టికెట్లెందుకు పెద్దాయనా, అన్నీ ఒకదాంట్లోనే కట్టొచ్చు కదా” అని వెనక నిలబడ్డ కుర్రవాడు అడిగితే, “కట్టొచ్చు నాయనా, అప్పుడు నాలుగు వేలు తీసుకురావాల” అన్నారు. ఆరు టికెట్లకూ పట్టిన సమయం, ఆయన ముందున్న మనిషి ఒక్క ట్రెబుల్ గురించి తటపటాయించిన సమయం కన్నా తక్కువే.

ఆ కాగితం చివర ఉన్న మొత్తం చాలా ముఖ్యమైనది. మనం లెక్కించిన సంఖ్య, యంత్రం చూపిన సంఖ్య ఒకటి కాకపోతే ఏదో ఒక అంకె తప్పుగా వినబడిందన్నమాట. టికెట్ చేతికి వచ్చాక రేసు సంఖ్య, పూల్ పేరు, ప్రతి లెగ్‌లోని గుర్రాల సంఖ్యలు అక్కడే చదవాలి, పక్కకు వెళ్లి కాదు. జాక్‌పాట్ పూల్ మొదటి లెగ్ ప్రారంభంతోనే మూసుకుంటుంది కనుక చివరి అయిదు నిమిషాల తొక్కిసలాటలో ఈ పని కుదరదు. భాష విషయంలో బెంగళూరులో మనవారికి ఇబ్బంది లేదు. కన్నడ, తెలుగు, తమిళం, హిందీ కలిసిన మాటే ఆ మైదానంలో నడిచేది.

ట్రినెల్లా విషయంలో సేవ మంచిదే గానీ దాన్ని వాడుకునే అలవాటు చెడ్డది. ఎక్కువమంది నాలుగైదు గుర్రాలను ఎంచుకుని వాటినన్నిటినీ అన్ని స్థానాల్లో తిప్పి కడతారు. నాలుగు గుర్రాలకు 24 కాంబినేషన్లు, ఐదింటికి 60. ఐదు గుర్రాలను అలా తిప్పినప్పుడు, ఏ గుర్రానికీ గెలిచే అవకాశం మరొకదాని కన్నా ఎక్కువ లేదని మనం డబ్బు కట్టి ఒప్పుకుంటున్నట్టు. పందెం చదివినవారెవరూ నిజంగా అలా అనుకోరు. గెలిచే గుర్రం మీద నమ్మకం ఉంటే దాన్ని మొదటి స్థానంలో నిలిపి, రెండో స్థానానికి రెండు, మూడో స్థానానికి ఆ రెండితో కలిపి ఐదు గుర్రాలు పెడితే 8 కాంబినేషన్లే అవుతాయి. ఫేవరెట్, అంటే ఎక్కువమంది డబ్బు కట్టిన గుర్రం, గెలవదు గానీ మొదటి మూడింటిలో ఉంటుందని అనిపించే పందేలు నాకు అన్నిటికన్నా ఇష్టం. జనం ఫేవరెట్‌ను మొదటి స్థానంలోనే పెడతారు కనుక, అది రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో వచ్చిన రోజున డివిడెండ్, అంటే గెలిచిన టికెట్‌కు దక్కే మొత్తం, అనూహ్యంగా పెరుగుతుంది. ఎగ్జాక్టా గురించి ఎక్కువ చెప్పను. పన్నెండు గుర్రాల పందెంలో ట్రినెల్లాకు 1,320 ఫలితాలు సాధ్యమైతే ఎగ్జాక్టాకు 11,880. చిన్న పెట్టుబడితో దాన్ని క్రమం తప్పకుండా ఆడమని నేనెవరికీ చెప్పను.

ఏ పందెం ఎంచుకోవాలన్నది కూడా టికెట్ కూర్పులో భాగమే. హ్యాండికాప్ పందేల్లో మంచి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైన గుర్రానికి తక్కువ బరువు వేసి అందరినీ దగ్గరకు తెస్తారు కనుక అక్కడ ఫలితం చెదిరే అవకాశం ఎక్కువ. ట్రినెల్లాకు అవే అనువైనవి. ఏడెనిమిది గుర్రాలు పరుగెత్తే, ఒక గుర్రం స్పష్టంగా మేటి అయిన పందెం జాక్‌పాట్‌లో బ్యాంకర్‌గా పనికొస్తుంది గానీ, ట్రినెల్లాలో దాని డివిడెండ్ పన్నులకే సరిపోతుంది. బెంగళూరు వేసవి సీజన్‌లో వాన సంగతి మరువకూడదు. నేల ఎంత మెత్తగా ఉందో చెప్పే పెనెట్రోమీటర్ రీడింగును రేసుల రోజు ప్రకటిస్తారు. పొడి నేల మీద పదకొండు వందల మీటర్లలో దూసుకుపోయిన గుర్రం తడి నేల మీద పద్నాలుగు వందల మీటర్లకు వచ్చేసరికి ఎలా ఉంటుందన్నది రేసు పుస్తకంలోని పాత పరుగుల వివరాలు చదివితేనే తెలుస్తుంది. ఉదయపు ట్రాక్ వర్క్ సమయాలు, మాక్ రేసుల (సాధన పందేల) ఫలితాలు కూడా అందులోనే ఉంటాయి. ముందు రోజు సాయంత్రం రెండు గంటలు ఆ పుస్తకంతో గడపలేనివారు ఈ పూల్‌ల జోలికి రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మైదానం బయట, ఫోన్‌లలో, “ఈ రోజు జాక్‌పాట్ పక్కా” అంటూ గుర్రాల సంఖ్యలు అమ్మేవారున్నారు. వారి పేర్లు ఇక్కడ అనవసరం. ఆ చీటీ ఎంతమంది కొంటే పూల్‌లో ఆ కాంబినేషన్ అంత నిండిపోయి, తగిలినా పంచుకునేవారు పెరిగి డివిడెండ్ అంత పడిపోతుంది. అందరికీ అమ్మే సమాచారం టోట్‌లో స్వభావరీత్యానే చవకబారుతుంది. ఈ ఒక్క కారణం చాలు దాన్ని కొనకుండా ఉండటానికి.

మొదటిసారి వెళ్లేవారికి నా సూచన జాక్‌పాట్‌తో మొదలుపెట్టవద్దని. ఒక ట్రెబుల్, ఒక బ్యాంకర్ ఉన్న ట్రినెల్లా చాలు. అప్పుడు మనం గుర్రాన్ని తప్పు చదివామా, టికెట్ తప్పు కూర్చామా అన్నది విడివిడిగా తెలుస్తుంది. ఆ రోజుకు ఎంత కడతామో ఇంట్లోనే నిర్ణయించుకుని, అంత నగదు మాత్రమే తీసుకెళ్లాలి. అద్దెకు, పిల్లల ఫీజులకు ఉద్దేశించిన డబ్బు ఏ పూల్‌కూ తగదు, దాని వెనక ఎంత మంచి లెక్క ఉన్నా సరే. పాన్ కార్డు దగ్గర ఉంచుకోవడం మేలు. 2024 జూన్‌లో లైసెన్సు వివాదం హైకోర్టుకు వెళ్లి ఇక్కడ రేసులు ఆగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది, కనుక ఊరి నుంచి బయలుదేరే ముందు ఆ రోజు రేసులున్నాయో లేదో చూసుకోవాలి.

చివరి పందెం అయిపోగానే కాళ్ల కింద చిరిగిన టికెట్లు పరుచుకుంటాయి. గుర్రాలు గీత దాటిన క్షణంలో కనిపించిన వరుస తుది ఫలితం కాదు. జాకీలు బరువు తూగడం పూర్తి కావాలి, ఎవరైనా అభ్యంతరం చెబితే పందేలను పర్యవేక్షించే స్టీవార్డులు విచారణ జరపాలి. ఆ విచారణలో రెండు, మూడు స్థానాలు తారుమారైతే ట్రినెల్లా విజేతలు మారిపోతారు. జాక్‌పాట్‌కు రన్నరప్ డివిడెండ్, అంటే పూర్తిగా తగలకపోయినా దక్కే చిన్న వాటా, కూడా ఉంటుంది. కనుక ఫలితం అధికారికంగా ప్రకటించి డివిడెండ్లు తెర మీదకు వచ్చేదాకా టికెట్లన్నిటినీ జేబులోనే ఉంచుకుని, ఆ తర్వాత ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.